ఎవరు ఏ సంత వాళ్ళు: రాయగడ నుంచి ఒక నెట్‌వర్క్ కేస్ స్టడీ

ఒక బుధవారం చటికొన సంతలో ఒకే డిస్ట్రిబ్యూటర్ బండ్లు రెండు ఎదురుపడ్డాయి. ఒకటి రాయగడ నుంచి బిస్సంకటక్ లైను మీద వచ్చింది. రెండోది మునిగుడ లైను ముగించుకుని తిరుగు దారిలో ఆగింది. ఇద్దరు సేల్స్‌మన్లూ ఒకే మనిషి దగ్గరికి బాకీ వసూలుకి వెళ్ళారు. వాడికిచ్చేశానని వీడికి, వీడికిచ్చేశానని వాడికి చెప్పి ఆయన సంత సర్దుకుని వెళ్ళిపోయాడు. రాత్రి గోదాముకి చేరి చూసుకుంటే ఆ బాకీ ఇద్దరి పుస్తకాల్లోనూ అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ డిస్ట్రిబ్యూటర్ శెట్టిగారు నాకు ఫోన్ చేశారు. "బాబూ, ఆ కంప్యూటర్‌తో లైన్లు మళ్ళీ వేయించలేవా? ఎవర్ని ఏ బండి చూడాలో తేల్చి చెప్పు. ఇలాగైతే బాకీలు మునిగినట్టే."

నాది పార్వతీపురం. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, వాళ్ళ లెక్కలు చూసి పెట్టడం నా పని. శెట్టిగారిది సబ్బులు, బిస్కెట్లు, అగ్గిపెట్టెలు, నూనె ప్యాకెట్ల హోల్‌సేల్. ఐదు బొలెరో పికప్‌లు ఉన్నాయి. లైన్లు ఎప్పుడో వాళ్ళ నాన్నగారి హయాంలో వేసినవి. రోడ్డు ఎటు పోతే లైను అటు పోతుంది. కాశీపూర్ రోడ్డు ఒక లైను, గుణుపూర్ రోడ్డు ఒక లైను, అలా.

ఊళ్ళో కొట్టున్న వాళ్ళకి ఆ పద్ధతి సరిపోతుంది. కానీ శెట్టిగారి సరుకులో ఎక్కువ భాగం పోయేది సంతల్లో అమ్ముకునేవాళ్ళకి. సంత వ్యాపారికి ఊరు కంటే వారం ముఖ్యం. సోమవారం ఒకచోట టార్పాలిన్ పరుస్తాడు, బుధవారం ఇంకోచోట, శుక్రవారం మరోచోట. అవే మొహాలు, అదే పక్క పక్క చోటు. చిల్లర ఒకరికొకరు ఇచ్చుకుంటారు, సరుకు తక్కువైతే పక్కవాడి దగ్గర రెండు డజన్లు తీసుకుంటారు, ఎవడు బాకీ ఎగ్గొట్టాడో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. నాకు కావలసిన గుంపులు ఇవే. ఇవి రోడ్డు మ్యాపులో కనపడవు.

చిట్టా

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్ళ బిల్లులున్నాయి కదా అని మొదట వాటి మీద పడ్డాను. ఒకే వారంలో ఒకే రకం సరుకు కొన్నవాళ్ళ మధ్య బంధం ఉన్నట్టు లెక్కేశాను. వారం రోజులు దండగ. దసరా ముందు అందరూ అన్నీ కొంటారు. వచ్చిన గుంపులు ఏమిటంటే, నూనె ఎక్కువ కొనేవాళ్ళు ఒకటి, సబ్బులు ఎక్కువ కొనేవాళ్ళు ఒకటి. ఆ మాత్రం శెట్టిగారికి నేను చెప్పాలా?

నన్ను గట్టెక్కించింది గుమస్తాగారి పొడుగు చిట్టా. సరుకు ఎక్కడ దించాలో డ్రైవరుకి చెప్పడానికి ఆయన ప్రతి ఖాతా పక్కనా చిన్న అక్షరాలతో "బుధ, చటికొన" అన్నట్టు రాసి పెడతారు. అంటే ఎవరు ఏ వారం ఏ సంతలో ఉంటారన్నది మొత్తం అందులోనే ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఎక్కువ టైము తినేసింది పేర్లే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోది. ఇప్పటికీ ఇక్కడ బేరం తెలుగులో, బోర్డు ఒడియాలో, బిల్లు ఇంగ్లీషులో, సంతలో మాట కొండ గిరిజనుల భాష కుయిలో నడుస్తుంది. ఒకే కొట్టు బిల్లులో "శ్రీ లక్ష్మీ స్టోర్స్", చిట్టాలో "లక్ష్మి కొట్టు", కొత్త సేల్స్‌మన్ పుస్తకంలో "లఖ్మి స్టోర్". కంప్యూటర్ వాటిని ముగ్గురు మనుషులనుకుంది. ఇలాంటివన్నీ గుమస్తాగారి పక్కన కూర్చుని ఒక్కొక్కటే కలిపాను. చివరికి 316 ఖాతాలు, 31 సంతలు తేలాయి. అందరి హాజర్లూ కూడితే 790. అంటే సగటున ఒక్కొక్కరు వారానికి రెండున్నర సంతలు చేస్తున్నారు.

ఇక బంధాలు. ఒకే సంతలో కూర్చునే ప్రతి ఇద్దరి మధ్యా ఒక గీత గీస్తే 30 మంది ఉన్న సంతలో ఒక్కసారిగా 435 గీతలు పడతాయి, 6 మంది ఉన్న చిన్న సంతలో 15. పెద్ద సంత గోలలో చిన్న సంత మాట వినపడదు. దీనికి పాత మందే ఉంది. కలిసి పేపర్లు రాసే శాస్త్రవేత్తల నెట్‌వర్క్ కోసం మార్క్ న్యూమన్ 2001లో వాడిన లెక్క అది. సంతలో n మంది ఉంటే ఒక్కో జతకి బరువు 1 కాకుండా 1/(n−1) ఇవ్వాలి. అప్పుడు ఎంత పెద్ద సంతయినా ఒక మనిషికి అందులో దొరికే బంధం బరువు మొత్తం 1 అవుతుంది. మూడు సంతలు చేసేవాడి మొత్తం 3. నెట్‌వర్క్ మొత్తానికి 790. ఈ 790 గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

అన్నీ చూడడం కుదరదు

గుంపు మంచిదా కాదా అని కొలవడానికి వాడింది మాడ్యులారిటీ. న్యూమన్, గిర్వన్ 2004లో ఇచ్చిన కొలత. గుంపు లోపల ఉన్న బంధాల బరువు తీసుకుని, అవే మనుషులు తమ బంధాలని గుడ్డిగా ఎవరితో పడితే వాళ్ళతో పెట్టుకుని ఉంటే లోపల ఎంత పడేదో అది తీసేస్తాం. మిగిలింది ఎంత ఎక్కువైతే గుంపు అంత గట్టిది.

ఎక్కువ స్కోరు వచ్చే విభజన వెతకడమే కష్టం. 10 మందిని గుంపులుగా విడదీయడానికి 1,15,975 దారులున్నాయి. 20 మందికి ఆ సంఖ్య 51 లక్షల కోట్లు దాటుతుంది. మన ఖాతాలు 316. అన్నీ చూసి మంచిది ఏరుకోవడం ఏ కంప్యూటర్‌కీ సాధ్యం కాదు. ఈ సమస్య ఎన్‌పీ-హార్డ్ అని, అంటే కచ్చితమైన జవాబుకి త్వరగా చేరే దారి ఇంతవరకు ఎవరికీ తెలియని రకమని, బ్రాండెస్ బృందం 2008లో రుజువు చేసింది కూడా. కాబట్టి ఉజ్జాయింపుగా వెతకాలి. నేను ఎంచుకున్నది జెనెటిక్ అల్గారిథమ్. జాన్ హాలండ్ 1975 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. రెండు వందల విభజనలు పెట్టుకోవడం, మంచి స్కోరున్న వాటిని జతకలపడం, పిల్లల్లో అక్కడక్కడ చిన్న మార్పు చేయడం, మళ్ళీ ఏరడం.

ఇందులో కొత్తవాళ్ళు బోల్తా పడే చోటు ఒకటుంది. నేనూ చాలా ఏళ్ళ కిందట పడ్డాను. ప్రతి ఖాతాకీ గుంపు నంబరు ఇచ్చి, ఆ నంబర్ల వరసనే క్రోమోజోమ్ (ఒక విభజనని రాసుకునే రాత) అనుకోవడం. తండ్రిలో కాశీపూర్ వాళ్ళు 1వ గుంపు, తల్లిలో అదే కాశీపూర్ వాళ్ళు 3వ గుంపు. రెండూ చెప్పేది ఒకటే, నంబర్లు వేరు. ఈ రెండిటినీ జతకలిపితే పుట్టే బిడ్డలో సగం కాశీపూర్ గుణుపూర్‌తో కలిసిపోతుంది. తల్లిదండ్రులు ఇద్దరూ తెలివైనవాళ్ళే, బిడ్డకి మాత్రం ఏమీ రాదు.

దీనికి మందు 1998లో పార్క్, సాంగ్ చూపించిన రాత. క్లారా పిజ్జుటి 2008లో గుంపులు వెతికే పనికి దీన్నే వాడింది. ఇందులో గుంపు నంబరే ఉండదు. ప్రతి ఖాతా తన బంధువుల్లో ఎవరో ఒకరి పేరు చెబుతుంది, అంతే. ఏడు ఖాతాలతో చూద్దాం. 1 చెప్పింది 3ని, 2 చెప్పింది 3ని, 3 చెప్పింది 1ని. 4 చెప్పింది 5ని, 5 చెప్పింది 4ని, 6 చెప్పింది 7ని, 7 చెప్పింది 5ని. వేలు చూపించినవాళ్ళని దారంతో కలుపుకుంటూ పోతే 1, 2, 3 ఒక గుంపు, 4, 5, 6, 7 ఒక గుంపు. ఇప్పుడు 7 మనసు మార్చుకుని 5కి బదులు 6ని చూపించిందనుకోండి. ఆ ఒక్క మార్పుతో రెండో గుంపు 4, 5 గానూ 6, 7 గానూ చీలిపోయింది. ఎన్ని గుంపులు కావాలో మనం ముందుగా చెప్పక్కర్లేదు. బంధం లేనివాడి పేరు ఎవరూ చెప్పలేరు కాబట్టి కాశీపూర్ వాడు ఊరికే వచ్చి గుడారి వాడితో కలవడు. ఏ ఇద్దరిని జతకలిపినా బిడ్డ అర్థవంతంగానే పుడుతుంది.

పాపులేషన్ 200, తరాలు 300. ఒక్కో జీన్, అంటే ఒక్కో ఖాతా చెప్పిన పేరు, మారే అవకాశం 316లో ఒక వంతు పెట్టాను, అంటే సగటున బిడ్డకి ఒక మార్పు. మొదటి తరంలో ఎవరి పేరు చెప్పాలన్నది బంధం బరువుని బట్టి లాటరీ. ఒక రన్‌లో 60,000 సార్లు స్కోరు లెక్కించాలి. నా పాత లాప్‌టాప్‌లో రెండు నిమిషాల పని.

అసలు డేటా మీద పెట్టే ముందు జాకరీ కరాటే క్లబ్ మీద నడిపాను. 1977లో అచ్చయిన నెట్‌వర్క్ అది. 34 మంది సభ్యులు, 78 స్నేహాలు. గొడవ వచ్చి క్లబ్బు రెండుగా చీలింది. ఈ రంగంలో ప్రోగ్రామ్ రాసిన ప్రతివాడూ ముందు దీని మీదే కొబ్బరికాయ కొడతాడు. దీని మీద మాడ్యులారిటీ గరిష్ఠం 0.4198 అని అందరికీ తెలిసిందే. నా ప్రోగ్రామూ అదే ఇచ్చింది. కాకపోతే ఆ గరిష్ఠం వచ్చేది నాలుగు గుంపులతో. నిజంగా చీలింది రెండుగా. ఈ సంగతి ఒక చీటీ మీద రాసి లాప్‌టాప్‌కి అంటించుకున్నాను, ఎందుకంటే తొందరగా మర్చిపోయే రకం సంగతి ఇది.

లూవాన్ ఉండగా ఇదెందుకు

న్యాయమైన ప్రశ్న. మాడ్యులారిటీ ఎక్కువ వచ్చే గుంపులు చకచకా వెతకడానికే 2008లో వచ్చిన లూవాన్ పద్ధతి, దాని లోపాలు సరిదిద్దిన 2019 నాటి లైడెన్ పద్ధతి రెండూ ఉచితంగా దొరుకుతాయి. లూవాన్‌కి మా 316 ఖాతాలు ఇస్తే కన్ను మూసి తెరిచేలోగా 0.61 దగ్గర స్కోరు ఇచ్చింది. నా జెనెటిక్ అల్గారిథమ్ రెండు నిమిషాలు ఒగర్చి తెచ్చిన స్కోరుకీ దానికీ తేడా మూడో దశాంశంలో. ఉత్త మాడ్యులారిటీయే కావాలంటే జెనెటిక్ అల్గారిథమ్ జోలికి పోవద్దనే చెబుతాను.

నాకు కావలసినవి రెండు. మొదటిది, స్కోరులో నా షరతులు కలపాలి. ఒక లైను సరుకు ఒక పికప్‌లో పట్టాలి. లూవాన్‌లో ఈ షరతు ఇరికించాలంటే లోపలి కోడు తిరగరాయాలి, ఇక్కడ ఫిట్‌నెస్‌కి, అంటే ఏరడానికి చూసే స్కోరుకి, ఒక మైనస్ తగిలిస్తే చాలు. రెండోది, ఒక్క జవాబు కాకుండా దాదాపు అంతే మంచివైన చాలా జవాబులు కావాలి. అవి ఎందుకు కావాలో నాకు మొదట్లో అంత స్పష్టంగా తెలియదు. ఒక్క జవాబు పట్టుకెళ్తే శెట్టిగారు అడిగే ప్రశ్నలకి తట్టుకోలేనన్న భయం మాత్రం ఉంది.

మొదటి రోజుల్లో తరాలు నలభై దాటేసరికి రెండు వందల విభజనలూ ఒకేలా తయారయ్యేవి, అందరూ ఒకే తాత మనవల్లా. తల్లిదండ్రుల్ని ఏరే పోటీలో ఒక్కోసారి ఏడుగురిని (ఏడు విభజనల్ని) దింపుతున్నాను, పైగా ప్రతి తరంలో మొదటి ఇరవై మందిని తాకకుండా ముందుకి పంపుతున్నాను. పోటీకి ముగ్గురు, తాకకుండా ఇద్దరు అని తగ్గించాక సర్దుకుంది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

రెండో తప్పు నవ్వొచ్చేది. బండి బరువు మించితే మైనస్ పెట్టాను, లైన్లు ఎక్కువైతే మైనస్ పెట్టలేదు. మీరు రాసింది తప్ప రాయనిది ప్రోగ్రామ్‌కి తెలియదు. లైన్లు చిన్నవి చేసుకుంటూ పోతే మైనస్ రాదని కనిపెట్టి 23 లైన్లు తెచ్చింది. ఐదు బండ్లకి 23 లైన్లేమిటని చిరాకుపడి శెట్టిగారికి చూపించి నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. "ఐదు బండ్లు వారంలో ఆరు రోజులు తిరుగుతాయి కదా బాబూ, ముప్పై ట్రిప్పులు. ఇరవై మూడైతే ఏం పోయింది?"

నిజమే. నేను బండ్లు లెక్కపెడుతున్నాను, ఆయన ట్రిప్పులు లెక్కపెడుతున్నారు. నాకు సమస్యే సరిగ్గా అర్థం కాలేదు. అయితే ఆ 23లో తొమ్మిది లైన్లలో రెండేసి ఖాతాలే ఉన్నాయి. ఇద్దరు మనుషుల కోసం బండి వేయలేం. మరీ చిన్న లైనుకి కూడా మైనస్ తగిలించాను.

కొండకి అటు, ఇటు

లెక్కలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒక జత సంతలు. కొండకి అటొకటి, ఇటొకటి. గుమస్తాగారు చూడగానే, "అటోళ్ళు ఇటు రారు, ఇటోళ్ళు అటు పోరు, రెండూ ఒకటని ఎలగేసింది బాబూ ఇది?" అన్నారు. ఏ రన్ చూసినా రెండూ ఒకే గుంపులో ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో తప్పనుకుని రెండు రోజులు వెతికాను. ప్రోగ్రామ్ బాగానే ఉంది.

మాడ్యులారిటీకి పుట్టుకతో ఉన్న గుడ్డితనం ఇది. ఫోర్చునాతో, బార్తెలెమీ 2007లో బయటపెట్టారు. నెట్‌వర్క్ పెద్దదయ్యేకొద్దీ చిన్న గుంపులు దానికి ఆనవు. మా లెక్కలో చూడండి. మొదటి సంత గుంపులో 22 మంది, అందరూ ఆ ఒక్క సంతే చేస్తారు. వాళ్ళ బరువు 22. రెండో గుంపులో 25 మంది. అందులో 24 మంది ఒక్క సంతే చేస్తారు. ఇరవై అయిదో ఆసామి గాజులు, పిన్నులు, సబ్బులు కలిపి అమ్మేవాడు. వారంలో ఒకరోజు కొండ దాటి మొదటి సంతకి కూడా వెళ్తాడు. కాబట్టి ఆ గుంపు బరువు 24కి 2 కలిపి 26. రెండు గుంపుల మధ్యా గుడ్డిగా ఉండాల్సిన బంధం 22 × 26 ÷ 790, అంటే 0.72. నిజంగా ఉన్న బంధం ఆ గాజులాయన కొండ దాటి తెచ్చింది. దాని బరువు సరిగ్గా 1. 1 అనేది 0.72 కన్నా ఎక్కువ. అంతే, కలిపేసింది. నలభై ఏడు మంది కలిసిపోవడానికి సైకిలు మీద కొండ దాటే ఒక్క మనిషి సరిపోయాడు.

రైషార్ట్, బోర్న్‌హోల్ట్ 2006లో చెప్పిన ఉపాయం ఇక్కడ పనికొచ్చింది. "గుడ్డిగా ఉండాల్సిన" భాగాన్ని గామా అనే అంకెతో హెచ్చిస్తాం. గామా 1 అయితే పాత మాడ్యులారిటీయే. 0.72ని గామాతో గుణిస్తే 1 దాటాలి, అంటే గామా 1.38కి పైన ఉంటే ఈ రెండు సంతలూ విడిపోతాయి. 1.4 పెట్టాను, విడిపోయాయి. ఒక్క జత కోసం గామా బిగించడం మోసం కాదా అంటే, కొంత వరకు అవును. అందుకే 1.2 నుంచి 1.8 దాకా మెల్లగా పెంచుకుంటూ చూశాను. 1.4 నుంచి 1.6 దాకా గుంపులు పెద్దగా కదల్లేదు, ఆ తరువాత ముక్కలు కావడం మొదలైంది. కదలని చోట ఆగాను. షరతులన్నీ కలిపాక 17 గుంపులు తేలాయి.

గామా 1 దగ్గర వచ్చే ఆరు పెద్ద గుంపుల్లో ఈ 17 చక్కగా ఇమిడితే పెద్దవి బండ్లకి, చిన్నవి ట్రిప్పులకి సరిపోతాయని ఆశపడ్డాను. ఇమడలేదు, రెండు చిన్న గుంపులు అటూ ఇటూ కాళ్ళు చాపాయి. ఏ గుంపు ఏ బండికన్నది కంప్యూటర్‌కి వదలకుండా శెట్టిగారు, గుమస్తాగారు, ఇద్దరు డ్రైవర్లు, నేను గోదాములో బస్తాల మీద కూర్చుని ఒక మధ్యాహ్నంలో తేల్చేశాం. సంత రోజులు, రోడ్డు, ఏ సేల్స్‌మన్‌కి కుయి వచ్చు అన్నవి చూస్తే దానికి అల్గారిథమ్ అక్కర్లేదు.

కుదురులేని 43 మంది

ఒక రాత్రి యాభై రన్లు వరసగా పెట్టి పడుకున్నాను, ఒక్కోటి వేరే వేరే లాటరీతో. గంటా నలభై నిమిషాల పని. పొద్దున చూస్తే యాభై స్కోర్లూ ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి, విభజనలు మాత్రం ఒకటి కాదు. మాడ్యులారిటీ మీద ఇలాగే జరుగుతుందని గుడ్, డి మాంజోయ్, క్లాజెట్ 2010లో రాశారు. కింద నుంచి చూసినప్పుడు పైన ఒక్క సన్నటి శిఖరం ఉంటుందనుకుంటాం, తీరా ఎక్కితే కాశీపూర్ పీఠభూమిలా బల్లపరుపుగా ఉంటుంది.

అన్నిటిలోకీ ఎక్కువ స్కోరున్నది ఒకటి ఏరుకుని మిగతా నలభై తొమ్మిదీ పారేయొచ్చు. చాలామంది అదే చేస్తారు, నేనూ ఇదివరకు చేశాను. ఈసారి జతలు లెక్కపెట్టాను. ఫలానా ఇద్దరు యాభైలో ఎన్నిసార్లు ఒకే గుంపులో పడ్డారు? 273 ఖాతాలు యాభైలో నలభై సార్లకి పైగా తమ వాళ్ళతోనే ఉన్నాయి. 43 మాత్రం ఒక్కో రన్‌లో ఒక్కో చోట తేలాయి. ఆ 43 పేర్లూ కాగితం మీద ప్రింటు తీసి గుమస్తాగారి ముందు పెట్టాను. ఏమిటీ లిస్టని ఆయన అడగలేదు. ఎర్ర పెన్సిలు తీసుకుని మొదటి పేరు పక్కన గీత పెట్టి, "ఈయనెక్కడుంటాడో ఈయనకే తెలీదు బాబూ" అన్నారు.

అలా 14 మంది నిజంగానే తిరుగుడు మనుషులు. ఎండుచేపలతో పాటు సబ్బులూ అగ్గిపెట్టెలూ పెట్టుకునేవాళ్ళు, గాజులవాళ్ళు. చాలామంది వారంలో ఐదారు సంతలు చేస్తారు. కొండ దాటే గాజులాయన చేసేవి రెండు సంతలే అయినా ఆయన కూడా వీళ్ళలోనే ఉన్నాడు. వీళ్ళని ఏ లైన్లో వేసినా తప్పే.

ఇంకో 11 నా తప్పులు. వాటిలో ఒకటి చెబుతాను. రెండేళ్ళుగా నెలనెలా మంచి బేరం చేసే ఖాతా, ఒక రన్‌లో గుడారి వైపు, ఇంకో రన్‌లో బిస్సంకటక్ వైపు. గుమస్తాగారు ఆ పేరు చూసి నవ్వారు. తండ్రి పేరు మీద ఖాతా, నడిపేది ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఒక వరస సంతలు చేస్తాడు, చిన్నవాడు ఇంకో వరస. పండక్కి తప్ప కలవరు. మా నెట్‌వర్క్‌లో వాళ్ళిద్దరూ ఒకే మనిషి, పైగా రెండు గుంపులకీ మధ్య వంతెన. ఇలాంటి పదకొండూ విడదీసి మళ్ళీ నడిపితే ఆ ఖాతాలన్నీ ఒక్క కుదుపు లేకుండా ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

మిగిలిన 18 మంది దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వీళ్ళు తిరుగుడు మనుషులు కారు, ఖాతాల్లో తప్పు లేదు. అందరూ రాయగడకి దక్షిణంగా, కూనేరు దిక్కు ఊళ్ళవాళ్ళు. వారంలో ఒకటో రెండో సంతలు ఒడిశాలో చేస్తారు, మిగతా రోజులు పార్వతీపురం మన్యం జిల్లా సంతల్లో ఉంటారు. 2022 ఏప్రిల్ 4న పుట్టిన కొత్త జిల్లా అది, నా సొంత జిల్లా కూడా. కంపెనీ శెట్టిగారికిచ్చిన డిస్ట్రిబ్యూషన్ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. అవతల సంతకి ఆయన బండి వెళ్ళదు, కాబట్టి చిట్టాలో ఆ సంత లేదు. చిట్టాలో లేనిది నా నెట్‌వర్క్‌లోకి ఎలా వస్తుంది? వాళ్ళ వారంలో సగం చెరిపేసి, ఉన్న సగంతో నువ్వు ఏ గుంపని అడుగుతున్నాను. పాపం ఒక్కో రన్ ఒక్కో జవాబు చెబుతోంది.

స్కోరు ఎంత పెంచినా ఈ పద్దెనిమిది మంది ఎక్కడివాళ్ళో తేలదు. ఇంకో వెయ్యి తరాలు నడిపినా అంతే. ఆ రాత్రి నడిచిన యాభై రన్లలో నాకు బాగా పనికొచ్చింది ఈ ముక్కే. ఒక్క రన్ చేసి ఉంటే వీళ్ళు కూడా మిగతావాళ్ళలాగే ఏదో ఒక లైన్లో బుద్ధిగా కూర్చుని కనపడేవారు, నేనూ ధీమాగా ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి.

అమలు

కొత్త లైన్లు వానాకాలం వెళ్ళాక మొదలుపెట్టాం. నాగావళి పొంగి రోడ్లు తెగే రోజుల్లో ఏ లైను మంచిదో ఏది చెడ్డదో తెలుసుకోలేం. కుదురైన ఖాతాలన్నీ 17 గుంపుల లెక్కనే నడుస్తున్నాయి. ఒక్క సంతకి ఒక్క బండి, ఒక్క వసూలు పుస్తకం. చటికొనలో రెండు బండ్లు ఎదురుపడడం ఆగింది. తిరుగుడు మనుషులు పద్నాలుగురినీ లైన్లలోంచి తీసేశాం. వాళ్ళు రాయగడ వచ్చినప్పుడు గోదాములోనే సరుకు తీసుకుంటారు, బాకీ గుమస్తాగారే చూస్తారు. వాళ్ళకి ఇదే నచ్చింది, బండి కోసం ఎదురుచూసే పని తప్పిందట.

ఒకచోట శెట్టిగారు అల్గారిథమ్ మాట వినలేదు. ఒక ముసలాయన ఖాతా యాభైకి యాభై సార్లూ గుణుపూర్ వైపు గుంపులో పడింది. ఆయన్ని పాత లైన్లోనే ఉంచమన్నారు. "మా నాన్న పోయినప్పుడు మూడు నెలలు ఆ సేల్స్‌మన్‌తో పాటు తిరిగి బాకీలు వసూలు చేసిపెట్టాడు. ఆ లైనులోంచి తీస్తే ఏమనుకుంటాడు?" నేను వాదించలేదు. ఆ బండి వారానికోసారి ఆయన కోసం కొంచెం చుట్టు తిరిగి వెళ్తుంది.

పద్దెనిమిది మందినీ ప్రస్తుతానికి వాళ్ళ ఒడిశా సంతని బట్టి లైన్లలో వేసి, పేరు పక్కన చిన్న చుక్క పెట్టాం. చుక్క ఉన్న ఖాతాకి సేల్స్‌మన్ అరువు ఇవ్వాలంటే గుమస్తాగారికి ఫోన్ చేయాలి. అవతలి వైపు ఇదే కంపెనీ సరుకు వేసేది పార్వతీపురంలో ఉన్న శెట్టిగారి బావమరిదిగారే. ఆయన దగ్గరా ఇలాంటి చిట్టా ఒకటి ఉంది, నేను కళ్ళారా చూశాను. రెండు చిట్టాలూ కలిపి మళ్ళీ నడపాలని నా కోరిక. బావా బావమరుదులు కిందటి సంక్రాంతి నుంచి మాట్లాడుకోవడం లేదు. ఉగాదికి చూద్దామన్నారు శెట్టిగారు.